ముందుకా, వెనక్కా? సైనస్ సర్జరీ మధ్యలో చేయి తగలకుండా సీటీ చూసే ఏర్పాటు: ఒక కేసు

ఒడిశా దక్షిణపు కొసన, ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒక జిల్లాలో జరిగిన పని ఇది. ఊరు, ఆసుపత్రి, తేదీలు వదిలేశాం. రోగి గురించిన ఒకటి రెండు వివరాలు మార్చాం. కొలతలు, పరికరాలు అమర్చిన తీరు, ఏది ఏ వరసలో చెడిందో మాత్రం మార్చలేదు. అవి మారిస్తే ఇది రాసి లాభం లేదు.

నేపథ్యం

పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా ఏ ఆపరేషన్ థియేటర్లో నిలబడినా రెండు మూడు భాషలు వినిపిస్తాయి. ఇక్కడ సర్జన్‌దీ, సాధనాలు అందించే స్క్రబ్ సిస్టర్‌దీ తెలుగు. స్టెరైల్ కాని పనులు చూసే ఫ్లోర్ సిస్టర్‌ది ఒడియా, తెలుగు ధారాళంగానే మాట్లాడుతుంది. మత్తు డాక్టరు అందరితోనూ హిందీ కలిపి మాట్లాడతారు. సమస్యలో సగం ఈ మాటల దగ్గరే దొరికింది కాబట్టి ఇది మొదటే చెప్పాలి.

ఈఎన్టీ టేబుల్ ఒకటే. ముక్కులోకి పెట్టి చూసే 4 మిల్లీమీటర్ల స్కోప్‌లు రెండు, ఒకటి సున్నా డిగ్రీలది, ఇంకొకటి 30 డిగ్రీలది. 250 వాట్ల హాలోజన్ లైట్ సోర్స్. కొన తిరుగుతూ కండని కోసి పీల్చే డిబ్రైడర్ ఒకటి, రక్తనాళాలని కాల్చి మూసే బైపోలార్ కాటరీ ఒకటి, రెండింటికీ చెరో ఫుట్ పెడల్. సాధనం కొన ఎక్కడుందో సీటీ మీద చూపించే నావిగేషన్ యంత్రం లేదు. సీటీ సీడీలో వస్తుంది. బరంపురంలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో తీయించుకుని మడతపడ్డ ఫిల్ముతో పాటు కవర్లో పెట్టి తెస్తారు. ఫిల్ము పెట్టి చూసే వ్యూ బాక్స్ సర్జన్ వీపు వెనక గోడకి ఉంది. సీడీ చూసే లాప్‌టాప్ ఫ్లోర్ సిస్టర్ బల్ల మీద ఉంటుంది.

సైనస్ సర్జరీకి సీటీ దారి చూపే పటం లాంటిది. స్కోప్ ముందున్నది మాత్రమే చూపిస్తుంది, గోడ అవతల ఏముందో చెప్పదు. కంటిగుంటకీ ముక్కుకీ మధ్య ఉన్న ఎముక కాగితం మందమే, దాని లాటిన్ పేరు లామినా పాపిరేసియాకి అర్థం కూడా అదే. మెదడు కిందనున్న జల్లెడ ఎముక పక్కగోడ ఇంకా పలచన. ఆ జల్లెడ ఎముక గుంట లోతును బట్టి కేరోస్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త 1962లో మూడు రకాలుగా విడగొట్టాడు: 1 నుంచి 3 మిల్లీమీటర్లు, 4 నుంచి 7, 8 నుంచి 16. మూడో రకంలో పక్కగోడ పొడుగ్గా, పలచగా సాధనానికి ఎదురు నిలబడుతుంది. కళ్ళ మధ్యనున్న ఎత్మాయిడ్ గదుల్లో చివరిది వెనక్కి పెరిగితే దాన్ని ఓనోడి గది అంటారు; అది ఉన్నవాళ్ళలో కంటి నరం ఆ గది గోడలోనో, దాన్ని ఆనుకునో పోతుంది. ఇవన్నీ ఆపరేషన్‌కి ముందు చూసుకుంటే మొదటిసారి సర్జరీల్లో చాలామటుకు సరిపోతుంది. రెండోసారి, మూడోసారి చేసేవాళ్ళలో సరిపోదు. గుర్తుగా పెట్టుకునే మధ్య టర్బినేట్ (ముక్కు పక్కగోడ నుంచి వేలాడే ఎముక మడత) సగం కోసేసి ఉంటుంది, మచ్చకట్టిన కండ అన్ని చోట్లా ఒకేలా కనిపిస్తుంది. అప్పుడు పని మధ్యలో ఆగి పటం మళ్ళీ చూడాల్సిందే.

వచ్చిన సమస్య

నలభైల్లో ఉన్న మనిషి. ముక్కులో పాలిప్‌లకి ఇదివరకు ఇంకెక్కడో రెండుసార్లు ఆపరేషన్ అయింది, మళ్ళీ పెరిగాయి. అన్నిటికంటే వెనకనున్న సైనస్, స్ఫీనాయిడ్ దాకా వెళ్ళాలి. సర్జన్ పని ఆపి సీటీ అడిగారు. అక్కడ జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం, తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ వీటిలోంచే వచ్చాయి.

"సిస్టర్, కొంచెం వెనక్కి."

స్క్రీన్ మీద 60వ స్లైస్ (సీటీలో ఒక పొర బొమ్మ) ఉంది. సిస్టర్ 55కి తెచ్చింది.

"వెనక్కమ్మా, వెనక్కి."

50కి వచ్చింది.

"అటు కాదమ్మా. లోపలికి."

సిస్టర్ బొమ్మని జూమ్ చేసింది.

ఇక్కడ ఎవరి తప్పూ లేదు. తలని ముఖం నుంచి వెనక్కి పొరలుగా చూపే కరోనల్ స్లైస్‌లకి నంబర్లు సాధారణంగా ముక్కు కొన దగ్గర 1తో మొదలై తల వెనక వైపు పెరుగుతాయి. సర్జన్ అన్న వెనక్కి శరీరంలో వెనక్కి, అంటే నంబరు పెరగాలి. సిస్టర్ విన్న వెనక్కి వరసలో వెనక్కి, అంటే నంబరు తగ్గాలి. తెలుగులో ముందు అన్న మాట ఇంకా ఇబ్బంది. "ముందుది చూపించు" అంటే దీనికి ముందు చూసినదా, ముందుకి జరిపితే వచ్చేదా, ముఖం వైపుదా? మూడూ మంచి తెలుగే. ఒడియాలో ఆగకు, పఛకు అన్నా ఇదే చిక్కు. లోపలికి అంటే మనిషికి లోతు, స్క్రీన్‌కి జూమ్.

చివరికి సర్జన్ గ్లోవ్స్ తీసేసి, మౌస్ తానే పట్టుకుని, కావలసిన స్లైస్ చూసుకుని, మళ్ళీ చేతులు కడిగి, గౌను మార్చి వచ్చారు. ఆ లోపు రక్తం ఊరి స్కోప్‌లో చూపు మసకబారింది. రోగికి హాని జరగలేదు. కానీ రెండోసారి సందేహం వచ్చినప్పుడు, ఇంత తతంగం మళ్ళీ ఎందుకని సీటీ అడగకుండానే ముందుకెళ్ళాలనిపించిందని సర్జన్ తర్వాత చెప్పారు. అసలు ప్రమాదం అదే. చూడటం కష్టమైతే చూడటం మానేస్తారు.

కెమెరాకంటే ముందు మాట

మొదట చేసినది పైసా ఖర్చు లేని పని. కరోనల్‌కి రెండే మాటలు పెట్టాం: ముక్కు, మెడ. ముక్కు అంటే నంబరు తగ్గాలి, మెడ అంటే పెరగాలి. వెంట ఎన్ని స్లైస్‌లో అంకె: "మెడ ఐదు", "ముక్కు రెండు". ఒడియా సిస్టర్‌కి నాక, బేక అని రాసి లాప్‌టాప్ అంచుకి అతికించాం. తలని పైనుంచి కిందికి పొరలుగా చూపే యాక్సియల్‌కి నెత్తి, గడ్డం. ముందు, వెనక, లోపల, పైకి, కిందికి అన్న మాటలు సీటీ అడిగేటప్పుడు థియేటర్లో వాడకూడదు.

దీంతోనే గొడవలో పెద్ద భాగం తీరింది. చేతి సైగల ఏర్పాటు గురించి ఆలోచించే ఏ ఆసుపత్రి అయినా ముందు ఇది చేసి, ఆ తర్వాత ఇంకా ఏం మిగిలిందో చూడాలని గట్టిగా చెబుతాం. రేపు పరికరం పనిచేయని రోజు చేతిలో ఉండేది కూడా ఈ మాటలే.

ఇక్కడ ఒకటి మిగిలింది. స్ఫీనాయిడ్ లోపల మధ్య అడ్డుగోడ చాలామందిలో సూటిగా ఉండదు, కొందరిలో పక్కకి ఒరిగి కెరోటిడ్ రక్తనాళం మీది ఎముకకి అతుక్కుంటుంది. దాన్ని తెలియక మెలితిప్పి విరిస్తే ఆ నాళం చిరగొచ్చు. అది ఎక్కడ అతుక్కుందో తేల్చాలంటే ఎనిమిది పది స్లైస్‌ల మీద అటూ ఇటూ, నెమ్మదిగా, నాలుగైదు సార్లు నడవాలి. కన్ను ఆగిన చోట చెయ్యి ఆగాలి. "మెడ ఒకటి, మెడ ఒకటి, ముక్కు రెండు" అంటూ ఆ పని చేయలేం. అందుకోసమే చేతి సైగల వైపు వెళ్ళాం.

పనికిరానివి

స్టెరైల్ కవర్లో మౌస్ పెట్టి చూశాం. ల్యాపరోస్కోపీ కెమెరాకి తొడిగే పొడుగాటి ప్లాస్టిక్ తొడుగు దీనికి సరిగ్గా సరిపోతుంది. కానీ గుడ్డ డ్రేప్ మీద మౌస్ జరగదు, డ్రేపే జరుగుతుంది. స్క్రోల్ చక్రంలో ప్లాస్టిక్ ఇరుక్కుని ఒకేసారి పది స్లైస్‌లు దూకేది. సాధనాలు పెట్టే మేయో ట్రాలీ మీద గట్టి స్టెరైల్ ట్రే వేసి దాని మీద మౌస్ పెడితే కొంత మెరుగు. అయినా ఈఎన్టీలో తల చుట్టూ ఆ జాగా లేదు. ఎముకల ఆపరేషన్లలో జాగా ఉంటుంది కనుక అక్కడివాళ్ళు దీన్నే వాడుకోవచ్చు, ఇంకేమీ కొననక్కర్లేదు.

రెండోది మామూలు వెబ్‌క్యామ్, చేతిలో 21 బిందువులు గుర్తించే ఉచిత ప్రోగ్రామ్. గదిలో, ఉత్త చేతుల మీద, చక్కగా పనిచేసింది. థియేటర్లో పడుకుంది. స్కోప్ పెట్టి చేసే సర్జరీలో పైలైట్లు ఆర్పేస్తారు. చీకట్లో వెబ్‌క్యామ్ బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది, పాలరంగు గ్లోవ్ ఆకుపచ్చ గౌను ముందు ముద్దలా కనిపిస్తుంది. చేయి ఉందో లేదో అన్నదే నిలకడగా తేలలేదు. దీన్ని దిద్దుతూ కూర్చోకుండా అక్కడితో ఆపేశాం, ఎందుకంటే లోపం ప్రోగ్రామ్‌లో కాదు, వెలుతురులో ఉంది.

మూడోది చేతి జాడ పట్టే చిన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. తన వెలుతురు తానే వేసుకుంటుంది కనుక చీకటి దీనికి మేలు. ఈ జాతి పరికరాలకి థియేటర్లో కొంత చరిత్ర ఉంది. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ వాళ్ళ గెస్టిక్స్ 2008 నాటిది, మెదడు సర్జరీలో మామూలు కెమెరాతో పరీక్షించారు. 2010లో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ ఆటల కోసం వచ్చాక టొరాంటోలోని సన్నీబ్రూక్‌లో, లండన్‌లోని సెయింట్ థామస్‌లో సర్జన్లు దాన్ని థియేటర్లోకి తెచ్చారు. కినెక్ట్ ఒళ్ళంతా చూస్తుంది, మీటరు పైచిలుకు దూరం కావాలి. 2013లో వచ్చిన లీప్ మోషన్ అరచేతిని అడుగు రెండడుగుల దూరం నుంచి చూస్తుంది. మన థియేటర్లలో మీటరున్నర ఖాళీ జాగా దొరకదు కాబట్టి దగ్గరి చూపు ఉన్న రకమే ఎంచుకున్నాం. కినెక్ట్ తయారీ 2017లో ఆగిపోయిన సంగతి కూడా గుర్తుపెట్టుకుని, సీటీ చూపే ప్రోగ్రామ్‌ని సెన్సర్‌తో ముడిపెట్టలేదు. మధ్యలో ఒక చిన్న ప్రోగ్రామ్ చేతి కదలికని కీబోర్డు బాణాలుగా మార్చి పంపుతుంది, అంతే. రేపు సెన్సర్ మారినా సర్జన్ చేయి నేర్చుకున్నది మారదు.

మొదట పెట్టిన సైగ అందరూ పెట్టేదే: చేయి కుడికి విసిరితే తర్వాతి స్లైస్, ఎడమకి విసిరితే ముందరిది. రెండు రకాలుగా చెడింది. కుడికి విసిరిన చేయి మళ్ళీ మొదటి చోటికి రావాలి కదా, ఆ రాకని సెన్సర్ ఎడమ విసురుగా లెక్కేసేది. ఒకడుగు ముందుకి, ఒకడుగు వెనక్కి. వేగం తక్కువ కదలికల్ని లెక్కలోంచి తీసేస్తే అది తగ్గింది కానీ, ఒక మిల్లీమీటరు స్లైస్‌లు వందకి పైన ఉన్నప్పుడు నలభై విసుర్లు ఎవరు విసురుతారు? విసురుకి ఐదు చొప్పున పెడితే కావలసిన స్లైస్ దాటిపోయేది.

అంతకంటే పెద్ద తప్పు తాళం విషయంలో, అంటే సెన్సర్ చేతిని ఎప్పుడు పట్టించుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నదానిలో చేశాం. అరచేయి విప్పి ముప్పాతిక సెకను పట్టుకుంటే తాళం తెరుచుకునేలా పెట్టాం. థియేటర్లో సర్జన్ అరచేయి విప్పి ఆగేది దేనికి? స్క్రబ్ సిస్టర్ సాధనం అందిస్తుందని! సాధనం అడిగిన ప్రతిసారీ తాళం తెరుచుకుని, ఆ చేయి ముక్కు వైపు తిరిగి వస్తుంటే సీటీ ఎటో కొట్టుకుపోయేది. ఖాళీ థియేటర్లో చేసిన పరీక్షలో ఇది తేలలేదు, ఎందుకంటే అక్కడ సాధనాలు అందించే మనిషి లేదు. తర్వాతి పరీక్షలన్నీ స్క్రబ్ సిస్టర్‌తో, ట్రేతో, అసలు సర్జరీ వరస మొత్తం ఉత్తినే నడిపి చేశాం.

పెడల్, ఒక భయం

సైగని సైగతోనే తెరిచి మూయడం కుదరదని తేలాక తాళం కాలికి ఇచ్చాం. కంప్యూటర్‌కి తగిలించే మామూలు ఫుట్ స్విచ్. తొక్కి పట్టినంత సేపే చేతిని సెన్సర్ పట్టించుకుంటుంది, కాలు తీస్తే సీటీ ఉన్నచోట ఆగిపోతుంది. ఒకసారి తొక్కితే తెరిచి, ఇంకోసారి తొక్కితే మూసే రకం వద్దన్నాం. తెరిచి మరిచిపోయే అవకాశం ఉండకూడదు.

దీన్ని డిబ్రైడర్ పెడల్ పక్కనే పెట్టడం మేం చేసిన తప్పు. రెండో సర్జరీలో సర్జన్ సీటీ కోసం తొక్కింది డిబ్రైడర్‌ని. సాధనం అప్పటికి ముక్కులోంచి తీసి డ్రేప్ మీద పెట్టి ఉంది. కొన తిరిగి గుడ్డని పట్టి లాగింది. ఆ సాధనం ముక్కులో ఉండి ఉంటే కంటిగుంట పక్కన తిరిగేది. ఆ రోజు సెన్సర్ కట్టేసి సర్జరీ పాత పద్ధతిలో ముగించారు, ఆ నిర్ణయం సరైనదే.

ఏర్పాటు మొత్తం ఎత్తేద్దామా అన్న చర్చ నడిచింది. ఉంచాలంటే ఈ మూడూ కావాలన్నాం. ఒకటి, సీటీ పెడల్ ఎడమ కాలికి, మిగతా రెండూ కుడి కాలికి. మధ్యలో టేబుల్ కాలు అడ్డం ఉండాలి. రెండు, కాలికి తేడా తెలియాలి. సీటీ పెడల్ కింద ఒక అంగుళం చెక్క వేసి, పైన గీతల రబ్బరు అతికించాం. షూ కవర్ ఉన్నా ఆ ఎత్తు తెలుస్తుంది. మూడు, డిబ్రైడర్ డ్రేప్ మీద కాదు, స్క్రబ్ సిస్టర్ చేతిలోకి వెళ్ళాలి, కన్సోల్ స్టాండ్‌బైలోకి వెళ్ళాలి. ఫ్లోర్ సిస్టర్ "స్టాండ్‌బై" అని పైకి చెప్పాకే సర్జన్ ఎడమ కాలు కదపాలి. మూడోది అందరికీ చాదస్తంగా అనిపించింది. అయినా వదల్లేదు.

పనిచేసినది

విసుర్లు తీసేసి చేతి ఎత్తుని వాడాం. దీనికి ఆధారం రోగి పడుకున్న తీరే. వెల్లకిలా పడుకున్న మనిషికి ముక్కు కొన కప్పు వైపు, మెడ నేల వైపు ఉంటాయి. కాబట్టి చేయి పైకి ఎత్తితే ముక్కు వైపు స్లైస్‌లు, కిందికి దించితే మెడ వైపు. సర్జన్‌కి ఇది నేర్పాల్సిన పని పడలేదు, రోగి ఎదురుగానే ఉన్నాడు. నోటి మాటకీ చేతికీ కూడా ఒకటే లెక్క కుదిరింది.

పెడల్ తొక్కిన క్షణాన చేయి ఎక్కడుంటే అదే సున్నా. అక్కడినుంచి 2 సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ ఏమీ కదలదు, మామూలు వణుకు అందులో ఇమిడిపోతుంది. 2 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య సెకనుకి 3 స్లైస్‌లు. 5 దాటితే సెకనుకి 10. చేయి సున్నాకి వస్తే ఆగుతుంది. మొత్తం కదలిక జానెడు లోపే. ఏ స్థిరమైన చోటికీ చేయి తీసుకెళ్ళనక్కర్లేదు కాబట్టి నడుము పైన, ఛాతీ కింద, గౌను స్టెరైల్‌గా లెక్కపెట్టే మేరలోనే చేయి ఉంటుంది. చేతులు చాపి తల పైకి ఎత్తే సైగలు చూడటానికి బాగుంటాయి, థియేటర్‌కి పనికిరావు.

వేళ్ళని పూర్తిగా వదిలేశాం. గ్లోవ్ వేలి కొనల దగ్గర వదులుగా ఉంటుంది, సెలైన్‌తో రక్తంతో తడిస్తే మెరుస్తుంది, వేలి కొన ఎక్కడుందో సెన్సర్ క్షణక్షణం మనసు మార్చుకుంటుంది. అరచేయి మధ్య బిందువు నిలకడగా ఉంటుంది. చిటికె, పిడికిలి, రెండు వేళ్ళ జూమ్, ఇవేవీ పెట్టలేదు. జూమ్ సర్జరీకి ముందే ఖాయం. కొలతలు ముందే. ఎముక విండో, కండ విండో మార్చడం (ఎముకో, కండో స్పష్టంగా కనిపించేలా బొమ్మ నలుపు తెలుపుల్ని సర్దడం) మాత్రం మధ్యలో అవసరం పడుతుంది. ఫంగస్ ఉన్న సైనస్‌లో గట్టిపడిన చీమిడి 400 వెడల్పు, 40 లెవెల్ విండోలో తెల్లగా తేలుతుంది, 2000 వెడల్పు ఎముక విండోలో కలిసిపోతుంది. దానికి ఒక్క కీ చాలు, కాబట్టి సిస్టర్‌కి "ఎముక" లేదా "కండ" అని ఒక మాట.

చేయి పక్కకి 6 సెంటీమీటర్లు జరిపితే ముందే గుర్తుపెట్టిన స్లైస్‌కి దూకుతుంది. గుర్తులు ఐదు: జల్లెడ ఎముక అన్నిటికంటే లోతుగా ఉన్న చోటు, కంటిగుంట గోడలో సందు ఉంటే అది, ముందటి ఎత్మాయిడ్ ధమని, ఓనోడి గది, స్ఫీనాయిడ్ అడ్డుగోడ అతుక్కున్న చోటు. ఇవి ముందు రోజు సర్జన్ స్వయంగా పెడతారు. ఇలా కూర్చుని పెట్టడం వల్లే మధ్యలో అడిగే సందర్భాలు తగ్గాయి. సెన్సర్ ఇచ్చిన మేలులో ఎంత భాగం నిజానికి ఈ ముందు తయారీదో విడదీసి చెప్పలేం.

సెన్సర్‌ని స్కోప్ ట్రాలీ పక్క కడ్డీకి బిగించి కింది నుంచి పైకి, కొంచెం ఒరిగి చూసేలా పెట్టాం. చేతికీ దానికీ మధ్య 35 నుంచి 50 సెంటీమీటర్లు. పైకి చూస్తే వెనక కప్పు తప్ప ఇంకేమీ ఉండదు. పక్కనుంచి చూస్తే స్క్రబ్ సిస్టర్ చేయి కూడా కనిపించేది. చేయి 20 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వస్తే అన్నీ ఆగి స్క్రీన్ అంచు ఎర్రబడుతుంది, ఎందుకంటే సెన్సర్ స్టెరైల్ కాదు. దానికి స్టెరైల్ తొడుగు వేసి చూశాం. ముడతల మీద దాని వెలుతురు దానికే తిరిగొచ్చి చేయి కనిపించకుండా పోయింది. దూరం పాటించడమే మేలనిపించింది.

ఒకరోజు ఉన్నట్టుండి చేయి దొరకడం మానేసింది. అరగంట క్రితం బాగానే ఉంది. కేబుల్ మార్చాం, ప్రోగ్రామ్ మళ్ళీ తెరిచాం. చివరికి స్క్రబ్ సిస్టరే చూసింది: ముక్కులోంచి తీసిన స్కోప్ డ్రేప్ మీద, కొన సెన్సర్ వైపు పెట్టి ఉంది. హాలోజన్ వెలుతురులో ఇన్‌ఫ్రారెడ్ పాలు ఎక్కువ, అది నేరుగా కళ్ళలో కొడుతుంటే సెన్సర్‌కి ఇంకేం కనిపిస్తుంది! స్కోప్ కొన రోగి కాళ్ళ వైపు తిప్పి పెట్టాలి, లైట్ సోర్స్ తగ్గించాలి. వెలిగే కొన డ్రేప్‌ని కాల్చే ప్రమాదం కూడా ఉంది కనుక ఇది ఎలాగూ పాటించాల్సిందే. పైనున్న పాత హాలోజన్ లైట్ వేసినా ఇదే కథ. ఇంజెక్షన్ కలిపేందుకు సిస్టర్‌కి వేరే చిన్న ఎల్‌ఈడీ దీపం ఇచ్చాం.

చూడటానికి సరైన వేళ కూడా దొరికింది. అడ్రినలిన్‌లో తడిపిన ప్యాటీలు (చిన్న దూది గుడ్డ ముక్కలు) పెట్టి కొన్ని నిమిషాలు ఆగడం ఈ సర్జరీలో మామూలే. ఆ సమయంలో స్కోప్ బయట ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ, రక్తం తగ్గుతూ ఉంటుంది. సీటీ ఎక్కువసార్లు అప్పుడే చూస్తున్నారు. నిలబడి ఎడమ కాలు తొక్కి పట్టి ఉంచడం పది సెకన్లు దాటితే ఇబ్బంది. అందుకని కొంత తొక్కి, ఆగి, చూసి, మళ్ళీ తొక్కడం అలవాటైంది.

ప్రతి సర్జరీకీ ముందు

సీడీలోంచి బొమ్మలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఒకే ప్రోగ్రామ్‌లో తెరవాలి. సీడీతో వచ్చే ప్రోగ్రామ్ ఒక్కో సెంటర్‌ది ఒక్కోలా ఉంటుంది, బాణాలకి ఒక్కోలా స్పందిస్తుంది. ఎక్కించగానే స్లైస్ మందం చూడాలి. కొన్ని సీడీల్లో 3, 5 మిల్లీమీటర్లవే ఉంటాయి, వాటినుంచి కట్టిన కరోనల్ మెట్లుమెట్లుగా వస్తుంది. సెంటర్‌కి ఫోన్ చేసి "ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే పలచటి యాక్సియల్ సిరీస్, ఎముక ఫిల్టర్‌తో, డైకామ్ రూపంలో" అని అడగాలి. డైకామ్ అంటే స్కాన్ బొమ్మల అసలు ఫైలు రూపం. ముడి డేటా కొద్ది రోజులకే చెరిపేస్తారు, కాబట్టి రోగి ఓపీకి వచ్చిన రోజే ఫోన్ చేయాలి. ఫోన్‌లో వచ్చిన ఫొటోలతో సర్జరీకి దిగకూడదు.

నిన్నటి రోగి సీటీ తెరిచి ఉండిపోవడం ఈ ఏర్పాటులో కొత్తగా వచ్చిన ప్రమాదం. ఫిల్ము అయితే చేత్తో తీసి పెడతారు, పేరు కంటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జికల్ చెక్‌లిస్టులో కోతకి ముందు అడిగే ప్రశ్నల్లో అవసరమైన బొమ్మలు ఎదురుగా పెట్టారా అన్నదొకటి. దానికి అవును అనేముందు సర్జన్ స్క్రీన్ మీది పేరు, వయసు, తేదీ, కుడి ఎడమ గుర్తు పైకి చదువుతారు, మత్తు డాక్టరు కేస్ షీట్‌తో సరిచూస్తారు.

లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి, ఛార్జర్ తగిలించకూడదు. రోగి చుట్టూ 1.5 మీటర్ల మేరలో వైద్యానికి తయారుకాని మెయిన్స్ పరికరం ఉండకూడదన్నది పాటించాల్సిన లెక్క. సీటీ చూపే రెండో మానిటర్ ఆ మేర బయట ఉన్నా, సెన్సర్ కేబుల్ ద్వారా లాప్‌టాప్‌తో ఒకటే దారం అవుతుంది కనుక దానికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాం. యూఎస్‌బీ కేబుల్ 3 మీటర్లు దాటనివ్వలేదు, పొడిగింపు కేబుల్‌తో సెన్సర్ మాటిమాటికీ తెగిపోయింది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు మానిటర్ ఆరిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉన్నా తాళం వేసే ఉండాలి, కాలు ఒకసారి తీసి మళ్ళీ తొక్కితేనే తెరుచుకోవాలి. ఇది ప్రోగ్రామ్‌లో రాసి, ప్లగ్ పీకి పరీక్షించాకే వాడకానికి ఇచ్చాం.

ఇది నావిగేషన్ కాదన్నది కొత్తగా వచ్చే జూనియర్ డాక్టర్లకి విడిగా చెప్పాల్సి వస్తోంది. స్క్రీన్ మీద స్లైస్ కదులుతుంటే సాధనం కొన అక్కడే ఉందన్న భ్రమ కలుగుతుంది. సెన్సర్‌కి తెలిసింది అరచేయి ఎత్తు ఒక్కటే, ముక్కులో ఏముందో దానికి తెలియదు.

ఎంత దాకా వాడుతున్నారు

రెండోసారి చేసే సైనస్ సర్జరీల్లో, స్ఫీనాయిడ్ దాకా వెళ్ళే వాటిలో మాత్రమే సెన్సర్ బిగిస్తున్నారు. మొదటిసారి చేసేవాటిలో ముక్కు, మెడ మాటలే సరిపోతున్నాయి. చెవి వెనక ఎముక తొలిచే మాస్టాయిడ్ సర్జరీలో ఒకసారి ప్రయత్నించి మానేశారు. అక్కడ కళ్ళు మైక్రోస్కోప్‌లో, రెండు చేతులూ డ్రిల్ మీదా సక్షన్ మీదా ఉంటాయి, కుడి కాలు డ్రిల్ పెడల్ మీద ఉంటుంది. చేయి తీసి తల ఎత్తే లోపు సిస్టర్‌ని అడగడమే త్వరగా అవుతుంది. సెన్సర్ వాడని రోజుల్లో దాన్ని కడ్డీ నుంచి విప్పి, గాజు మీద స్పిరిట్ దూదితో తుడిచి డబ్బాలో పెడుతున్నారు. ఎడమ పెడల్ కూడా థియేటర్ బయటికి వెళుతుంది. వాడని పెడల్ టేబుల్ కింద ఉండకూడదన్నది ఫ్లోర్ సిస్టర్ పెట్టిన నియమం. సర్జరీ మొదలయ్యేముందు వంగి, టేబుల్ కింద చూసి, పెడల్స్ ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పేది ఆమే.